గుర్రం కాలెందుకెత్తింది?

అనగా అనగా, ఎర్రేటిలో నీళ్ళు తగ్గిపోయి జనమంతా మబ్బుల వంక చూసే రోజుల్లో, గుర్రాలకోట అని ఒక రాజ్యం ఉండేది.

ఆ కోట సింహద్వారం ముందు ఒక రాతి గుర్రం ఉండేది. అబ్బో, అది మామూలు గుర్రమా! రెండు నిలువుల ఎత్తు. మెడ వంచి, చెవులు రిక్కించి, ముందుకాలు ఒకటి పైకెత్తి నిలబడి ఉండేది. మిగిలిన మూడు కాళ్ళూ మోకాళ్ళ దాకా మట్టిలో కూరుకుపోయి ఉండేవి.

ఆ ఒక్క కాలూ ఎందుకెత్తిందంటారా? అదే ఎవరికీ తెలియదు. వర్తకుల్ని అడిగితే, "ప్రయాణానికి బయలుదేరుతోంది" అనేవారు. ఆటకత్తెల్ని అడిగితే, "తాళం వేస్తోంది" అనేవారు. ద్వారం దగ్గర నిలబడి నిలబడి విసిగిపోయిన కావలివాణ్ణి అడిగితే, "ముల్లు గుచ్చుకుంది, పో" అనేవాడు.

గుర్రం ఒంటినిండా పసుపే. నడక రాని పిల్లల్ని తల్లులు తెచ్చి దాని వీపు మీద కాసేపు కూర్చోబెట్టి, దాని కాళ్ళకి పసుపు రాసేవారు. అలా చేస్తే పిల్లల కాళ్ళకి బలం వస్తుందని వాళ్ళ నమ్మకం. ఊరి పిల్లలంతా దాన్ని గుర్రంతాత అని పిలిచేవారు.

ఇంకో వింత ఆచారం కూడా ఉండేది. ద్వారం దాటి లోపలికి వచ్చేవాళ్ళూ, బయటికి పోయేవాళ్ళూ ఆ ఎత్తిన కాలి కింద దోసెడు నీళ్ళు పోసేవారు. "నోరు అక్కడ పైనుంటే కాలి దగ్గర పోస్తారేమిటమ్మా?" అని పిల్లలు అడిగేవారు. "పెద్దలు పోయమన్నారు, పోస్తున్నాం. నువ్వు ముందు నీ నోరు మూసుకో" అనేవారు తల్లులు.

ద్వారానికి ఎడమవైపు నేతవీధి. అక్కడి నేతగాళ్ళ పెద్దలు ఒకప్పటి కరువులో ఏరు దాటి తుమ్మలసీమ నుంచి వచ్చినవాళ్ళు. గుర్రాలకోటలో ఏ ఇంట పెళ్ళి జరిగినా చీర ఆ వీధిలో నేయాల్సిందే. పెళ్ళిచీరల నూలుని పసుపునీళ్ళలో ముంచే ఆ చేతులే మొదట గుర్రానికి కూడా పసుపు రాశాయి. ఊరు చూసింది, బాగుందంది, తనూ రాసింది. ఆ వీధికి పెద్దదిక్కు అచ్చమ్మ. మాట మెత్తన, మనసు గట్టి.

ఆ రాజ్యాన్ని మృగాంకవర్మ అనే కుర్ర రాజు ఏలుతుండేవాడు. మంచివాడే. అబద్ధం అంటే అతనికి ఒళ్ళు మంట. అయితే ఆవేశం కొంచెం ఎక్కువ. ఏదైనా తలకెక్కిందంటే అన్నం కూడా మరిచిపోయేవాడు.

ఒకనాడు కొలువులో తిమ్మభట్టు అనే పొగడ్తల పాటగాడు గొంతు సవరించుకుని, రాజుగారి పూర్వీకుడు రణధీరవర్మ వీరగాథ ఎత్తుకున్నాడు. తుమ్మలసీమ సైన్యాన్ని తరిమిన ఘట్టం పాడాడు. ఆ సేనాని వీరమల్లు నేలకొరిగిన ఘట్టం పాడాడు. చివరికి చెయ్యెత్తి, "ఆ గెలుపుకి గుర్తుగా నిలిపిన రాతిగుర్రం, డెక్క కింద శత్రువు గుండె!" అని ముగించాడు.

రాజు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు.

"ఏమిటీ! మన గుర్రంతాత డెక్క కింద శత్రు సేనాని ఉన్నాడా? మరి కనబడడేం?"

"పెద్ద వరదలో పూడిపోయాడు ప్రభూ! మా తాత చెప్పగా విన్నాను."

"అయితే తవ్వండి!" అన్నాడు రాజు. కళ్ళు మెరిసిపోతున్నాయి. "ఆ పసుపు గీకెయ్యండి! మట్టి ఎత్తిపొయ్యండి! మా పూర్వీకుడు నిలిపింది నిలిపినట్టు నాకు కనబడాలి!"

మంత్రి గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆ వారంలోనే తుమ్మలసీమ రాజు సోమదేవుడు గుర్రాలకోటకి రాబోతున్నాడు. ఎర్రేటికి ఒక గట్టు వాళ్ళది, ఇంకో గట్టు వీళ్ళది. ఇద్దరూ కలిసి ఆనకట్ట కడితేనే ఉన్న కాసిని నీళ్ళు నిలుస్తాయి. లేకపోతే వచ్చే ఎండాకాలం రెండు వైపులా పొలాలు బీళ్ళే, పశువులు కబేళాకే.

"ప్రభూ, వచ్చే అతిథికి గుమ్మంలోనే వాళ్ళ ఓటమి చూపిస్తామా?" అన్నాడు మంత్రి.

"దాపరికం ఎందుకు మంత్రీ? ఉన్నది ఉన్నట్టు కనబడనీ. నిజానికి భయపడేవాడు స్నేహానికేం పనికొస్తాడు?" అన్నాడు రాజు. ఇక ఆ మాటకి తిరుగు లేదు.

మొదటి రోజు పసుపు గీకారు.

ఊరంతా చేరింది. పసుపు పెచ్చులు పెచ్చులుగా రాలింది. దాని కింద తెల్లగా ఏదో బయటపడింది. సున్నం! ఎప్పుడో మహమ్మారి వచ్చినప్పుడు ఊరంతటికీ సున్నం కొడుతూ గుర్రానికీ కొట్టారన్నమాట. "ఇంకా గీకండి!" అన్నాడు రాజు. సున్నం కింద ఎర్రటి రంగు తళుక్కుమంది. "అదిగో! యుద్ధపు గుర్రం! అసలు రంగు!" అని గంతేసినంత పనిచేశాడు.

కానీ సున్నంతోపాటు ఆ ఎరుపూ ఊడి రావడం మొదలుపెట్టింది. దాని కింద వట్టి నల్లరాయి. రాజు తిమ్మభట్టు వైపు చూశాడు. "వీటిలో అసలుది ఏది భట్టూ? ఎరుపా, నలుపా?"

తిమ్మభట్టు పాటంతా మళ్ళీ ఒకసారి గొణిగి చూసుకున్నాడు. పాటలో రంగు సంగతి లేదు మరి.

"సరే, గీకడం ఆపండి. రేపు తవ్వండి" అన్నాడు రాజు. బిడ్డల్ని చంకనెత్తుకొచ్చిన తల్లులు మాత్రం మచ్చలు మచ్చలుగా మిగిలిన గుర్రంతాతని చూసి కళ్ళొత్తుకున్నారు.

రెండో రోజు మట్టి తవ్వారు.

పార వేసిన చోటల్లా ఏదో ఒకటి దొరుకుతూనే ఉంది. వేలెడంత మట్టిగుర్రాలు, గాజు పెంకులు, పసిపిల్లల కాలిమువ్వలు. మొక్కుకున్న వాళ్ళెవరో, ఆ బిడ్డలు ఎవరో! తవ్వేవాళ్ళు వాటిని ఒక తట్టలో పోసి పక్కన పెట్టారు. రాజుకి వాటి మీద ధ్యాస లేదు.

పొద్దు వాలే వేళకి పార ఠంగుమంది. ఒక రాతి చెయ్యి బయటికొచ్చింది. ఆ చేతిలో డాలు. డాలు మీద తుమ్మకొమ్మ గుర్తు. తుమ్మలసీమ గుర్తు అది!

జనం ఒక్కసారిగా కేక పెట్టారు. డప్పులు మోగాయి. కొందరు పోకిరీలు నేతవీధి మొగలో నిలబడి, "మీ సేనాని దొరికాడోయ్! వచ్చి చూసుకోండోయ్!" అని ఎకసెక్కం చేశారు. నిన్నటిదాకా ఆ వీధిలోకి వెళ్ళి మజ్జిగ తాగొచ్చిన వాళ్ళే! నాకైతే ఒక్కొక్కడి చెవీ మెలిపెట్టాలనిపిస్తుంది.

నేతవీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది.

అచ్చమ్మ రాజు దగ్గరికి వచ్చి చేతులు జోడించింది. "ప్రభూ, మేం రేపు వెళ్ళిపోతాం. సెలవిప్పించండి."

రాజు విస్తుపోయాడు. "ఎవరైనా మిమ్మల్ని పొమ్మన్నారా?"

"ఎవరూ అన్లేదు దొరా. కానీ ఇన్నాళ్ళూ ఆ గుర్రం మాది కూడా అనుకున్నాం. మా బిడ్డల్ని దాని మీద కూర్చోబెట్టాం. ఇప్పుడు పొద్దున లేచి గుమ్మం దాటితే మా తాతల గుండె మీద కాలు కనబడుతుంది. అది చూస్తూ ఎట్టా నడుస్తాం? మా కాళ్ళు సాగవు."

ఇది రాజు అనుకోనే లేదు. అయినా మొండితనం ఊరుకోనిస్తుందా? "ఉన్నదాన్ని ఉన్నట్టు చూడ్డమే కదమ్మా" అన్నాడు. అచ్చమ్మ మూటలు కట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

మూడో రోజు వచ్చింది. అమ్మో, ఆ రోజు సంగతి ఏమని చెప్పను!

పొద్దెక్కేసరికి నేతవీధి బండ్లన్నీ ద్వారం ముందు బారు తీరాయి. విప్పిన మగ్గాలు, నూలు మూటలు, గిన్నెలు, మేకపిల్లలు. గుర్రం దగ్గర పెద్ద గొయ్యి. గోతిలో రాతి సేనాని మెడ దాకా బయటపడ్డాడు. ముఖం ఉన్నచోట మాత్రం గట్టి బంకమట్టి ముద్ద పట్టుకుని ఉంది. పారతో కొడితే ముక్కు విరుగుతుందేమోనని తవ్వేవాళ్ళు తటపటాయిస్తున్నారు. రాజు గట్టు మీద కూర్చుని, "ముఖం! ముఖం కనబడాలి!" అని తొందరపెడుతున్నాడు.

ముందు బండి పక్కన నడుస్తున్న అచ్చమ్మ గుర్రం దగ్గర ఆగింది. ఊరు వదిలేటప్పుడైనా ఆచారం ఆచారమే. గోతిలోకి దిగి, చంకనున్న నీళ్ళబిందె దింపి, దోసెడు నీళ్ళు తీసుకుని, రోజూ పోసే చోటే, ఆ ఎత్తిన కాలి కింద పోసింది.

నీళ్ళు సరిగ్గా ఆ మట్టిముద్ద మీద పడ్డాయి!

మట్టి కరిగింది. ఇంకో దోసెడు పోసింది. నుదురు కనబడింది. ఇంకో దోసెడు. ముక్కు కనబడింది, తెరిచిన నోరు కనబడింది. ఆ నోట్లోంచి మట్టి పెళ్ళలుగా జారిపోయింది. అచ్చమ్మకి ఏం తోచిందో ఏమో, బిందె ఎత్తి వంచేసింది. నీళ్ళు రాతి సేనాని నోటినిండా నిలిచాయి.

డప్పులు ఆగిపోయాయి.

ఆ పెదవులు చూశారా! అంచులే లేవు. అరిగి అరిగి నున్నగా అయిపోయాయి. నోట్లో దోసెడు నీళ్ళు పట్టేంత గుంట. రాజు ఒక్క దూకున గోతిలోకి దూకాడు. ఆ గుంటలో వేలు పెట్టి చుట్టూ తిప్పి చూశాడు. ఉలి గాటు ఒక్కటి కూడా లేదు. నీటిబొట్లు పడి పడి అరిగిన మెట్టులాగా ఉంది.

"ఎవరు? నా పూర్వీకుడు చెక్కించిన ముఖాన్ని ఇలా అరగదీసిందెవరు?" అని అరిచాడు.

"నేనేరా!" అని జనం వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

అందరూ గిరుక్కున తిరిగారు. పల్లకీ! అంతఃపురం దాటి ఏనాడూ బయటికి రాని రత్నాంబ, రాజుగారి ముత్తవ్వ, తొంభై ఏళ్ళు దాటిన మనిషి, పల్లకీలోంచి తల బయటపెట్టి చూస్తోంది. రణధీరవర్మకి స్వయానా కోడలు ఆవిడ. కాస్త చెవుడు. మూడు రోజులుగా ఊళ్ళో ఏం జరుగుతోందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆ పూట దాసి ఎవరో చెవిలో గట్టిగా అరిచి చెబితే వచ్చింది.

"నేనూ, నా అత్తగారూ, ఈ ఊళ్ళో ప్రతి ఆడదీ, మగాడూ అరగదీశాం. మొదట అరగదీసింది ఎవరో తెలుసా? మా మామగారు. మీ రణధీరవర్మ!"

"అవ్వా! ఆయనా?" అని ఆవిడకి వినబడేలా అరిచాడు రాజు.

"ఆయనే. గెలిచిన మత్తులో చెక్కించాడు. రోజూ ఈ దారినే పోవాలిగా! పోయినప్పుడల్లా నోరు తెరుచుకుని పడున్న మనిషి కనబడేవాడు. చచ్చేవాడి నోట్లో తులసినీళ్ళు పోయకుండా దాటిపోతే మనవాళ్ళకి అన్నం సయిస్తుందిరా? నెల తిరగలేదు. ఒక ఎండపూట ఏనుగు దిగి, తన చేత్తో ఆ నోట్లో నీళ్ళు పోశాడు. ఆ పూటే కడుపునిండా తిన్నానని మా అత్తగారికి చెప్పుకున్నాడట. రాజు పోశాడని ఊరూ పోసింది. నేను కాపురానికి వచ్చిననాడు గృహప్రవేశానికి ముందు నా చేత ఇక్కడే నీళ్ళు పోయించారు."

ఆవిడ ఊపిరి తీసుకుని బండ్ల వైపు చూసింది.

"ఈ నేతగాళ్ళ ముత్తాతలు కరువులో మన ఊరికే ఎందుకొచ్చారనుకున్నావు? శత్రువు బొమ్మకి కూడా గొంతు తడిపే ఊరట, మనకి పొయ్యరా అని వచ్చారు! తర్వాత వరదొచ్చి బొమ్మని కప్పేసింది. కప్పిన మాట మళ్ళీ తవ్వడం ఎందుకని వాళ్ళ పెద్దలూ పిల్లలకి చెప్పలేదు. బొమ్మ పోయినా చేతులు మరిచిపోలేదు. అదే చోట పోస్తూనే ఉన్నారు, చూడు!"

"నాకెందుకు చెప్పలేదు అవ్వా?"

"నువ్వు నన్ను అడిగావా?"

రాజు తల వంచుకున్నాడు. రత్నాంబ తిమ్మభట్టుని వెతికి పట్టుకుంది. "ఏమయ్యా భట్టూ! మీ తాత ఈ నీళ్ళ సంగతి కూడా పాడేవాడు. రెండో సగం ఎక్కడ మింగావు?"

"ఆ... ఆ సగానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు మహారాణీ" అని గొణిగాడు భట్టు.

సరిగ్గా అప్పుడే భేరీ మోగింది. ఏటి వైపునుంచి కావలివాడు పరుగెత్తుకొచ్చాడు. "ప్రభూ! సోమదేవ మహారాజు! ముందే వచ్చేశారు! అదిగో ధ్వజం!"

మంత్రి డేరా గుడ్డ ఒకటి లాక్కొచ్చి, "కప్పేద్దాం ప్రభూ! త్వరగా!" అన్నాడు. నలుగురు గుడ్డ నాలుగు చెరగులూ పట్టుకున్నారు.

రాజు గోతిలోంచి చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు. ఉన్నది ఉన్నట్టు అన్నాను. మూడు రోజులుగా సగమే చూశాను. ఇప్పుడు అంతా చూపిస్తాను."

తుమ్మలసీమ రాజు గుర్రం దిగాడు. గొయ్యి చూశాడు. డాలు మీద తుమ్మకొమ్మ చూశాడు. సేనాని గుండె మీదికి ఎత్తిన రాతి డెక్క చూశాడు. ముఖం కందగడ్డ అయింది. చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది.

"మా వీరమల్లుని తొక్కే గుర్రాన్ని చూపించడానికేనా నన్ను పిలిచింది?"

రెండు వైపులా భటులు బిగుసుకుపోయారు. ఆనకట్ట మాట దేవుడెరుగు, అక్కడే కత్తులు దూసుకునేట్టున్నారు! మృగాంకవర్మ నోరు తెరవబోయాడు. అంతలోనే అచ్చమ్మ గొంతు ఖంగుమంది.

"తొక్కడం లేదు దొరా!"

ఖాళీ బిందె పైకెత్తి, గుర్రం డెక్కకీ సేనాని గుండెకీ మధ్య దూర్చింది. బిందె అటునుంచి ఇటు, ఇటునుంచి అటు తగలకుండా తిరిగింది.

"ఇంత చోటుంది చూడండి! నేనూ మీ సీమ బిడ్డనే. నిన్న మట్టిలో సగం చూసి, తొక్కుతోందనే అనుకుని మూటలు కట్టుకున్నా. తొక్కాలనుకుంటే ఇన్ని తరాలు పట్టేదా? మనిషి పడున్నాడని కాలెత్తి పట్టుకుంది. ఇన్నేళ్ళూ దించలేదు. ఆ పెదాలు చూడండి, ఈ ఊరు ఆయనకి ఎన్ని నీళ్ళు పోసిందో!"

ఆ బొమ్మ చెక్కిన శిల్పి మనసులో ఏముందో ఎవరికి తెలుసు? తొక్కబోతున్నట్టే చెక్కాడేమో. కానీ ఆ మాట విన్నాక అక్కడున్న ఎవరికీ ఆ గుర్రం మళ్ళీ ఇంకోలా కనబడలేదు. మీకు కనబడుతోందా?

సోమదేవుడు మెల్లగా గోతిలోకి దిగాడు. కత్తిపిడి మీంచి చెయ్యి జారిపోయింది. అరిగిపోయిన ఆ పెదవులు తడిమాడు. చాలాసేపు తడిమాడు.

మృగాంకవర్మ బండి మీది ఇంకో బిందెలోంచి నీళ్ళు తీసుకుని అతని దోసిట్లో పోశాడు. ఆ దోసిట్లో సగం రాతి సేనాని నోట్లోకి ఒలికింది. మిగిలిన సగం సోమదేవుడు తానే తాగేశాడు. ఇద్దరు రాజుల కళ్ళూ చెమర్చాయి.

"ఆనకట్ట ఎప్పుడు మొదలుపెడదాం?" అన్నాడు సోమదేవుడు.

ఊరు దద్దరిల్లింది! డప్పులు, ఈలలు, కేకలు! మృగాంకవర్మ అచ్చమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఉండిపొమ్మని ఆజ్ఞ వెయ్యనమ్మా. అడుగుతున్నాను. ఉంటారా?" అచ్చమ్మ బండ్ల వైపు తిరిగి, "చూస్తారేంరా, ఎద్దుల్ని తిప్పండి!" అంది. నిన్న ఎకసెక్కాలాడిన పోకిరీల చేత రాజు ఆ మగ్గాలన్నీ మోయించి, మళ్ళీ ఇళ్ళల్లో బిగించేదాకా వాళ్ళని వదల్లేదు. నాకు భలే సంతోషం వేసింది!

గొయ్యి పూడ్చలేదు. చుట్టూ రాళ్ళు పేర్చి మెట్లు కట్టారు. తట్టలో పోసిన మట్టిగుర్రాల్నీ మువ్వల్నీ ఆ మెట్ల మీదే వరసగా పేర్చారు. రాజు గుర్రానికి ఒకే రంగు పూయించనూ లేదు. నలుపు, ఎరుపు, తెలుపు మచ్చలు అలాగే ఉన్నాయి. వాటి మీద తల్లులు మళ్ళీ పసుపు రాశారు. తిమ్మభట్టు పాట రెండు సగాలూ పాడడం నేర్చుకున్నాడు. ఇప్పుడు రెండో సగానికే చప్పట్లు ఎక్కువ.

ఎర్రేటి మీద ఆనకట్ట లేచింది. రెండు గట్లూ పచ్చబడ్డాయి. మొదటి నీళ్ళు నిలిచిన రోజున రెండు ఊళ్ళవాళ్ళూ ఆ నీటితోనే వీరమల్లు నోరు నింపారు.

ఇప్పటికీ ఆ ఊరికి వెళ్ళి, గుర్రం కాలెందుకెత్తిందని అడగండి. వర్తకుడైనా, ఆటకత్తె అయినా, విసుగు కావలివాడైనా ఒకటే చెబుతారు: "కింద మనిషి ఉన్నాడు. తొక్కకూడదని."

అందుకే పిల్లలూ, పాత రాయి కథ దాన్ని చెక్కినవాడితో అయిపోదు. దాన్ని తాకిన ప్రతి చెయ్యీ అందులో ఒక మాట కలుపుతుంది కాబట్టి, ఆ మాటలన్నీ విన్నాకే దాని అర్థం ఇదీ అని చెప్పాలి.